ఎవరినీ నమ్మని మనిషి సాక్ష్యం

మొన్న కాశీబుగ్గ బజారులో ఎండునెత్తళ్ళు కొనడానికి ఆగాను. బారువ నుంచి సరుకు తెచ్చి అమ్మే ఆ మనిషికి నా ముఖం కంటే ఎప్పుడూ నా పక్కన నిలబడే మనిషి ముఖమే బాగా గుర్తు. తూకం వేయబోతూ నా వెనక్కి తొంగిచూశాడు.

"మీ అత్త రానేదేటమ్మా?"

"పోయింది. వానల్లో పోయింది," అన్నాను.

అతను తక్కెడలో పోసిన చేపలను చేత్తో కెలికి, అడుగున ఉన్నవి కొన్ని ఏరి పక్కన పారేశాడు. వేరే బుట్టలోంచి మంచివి తీసి వేశాడు.

"ఇయి నీ సంచిలో ఏసుంటే ఆయమ్మ నా మొకాన కొట్టీసును," అన్నాడు.

అక్కడ నవ్వు వచ్చింది. బస్సెక్కాక ఏడుపు వచ్చింది.

ఆవిడ మా నాన్నకు అక్క, నాకు మేనత్త. పలాసకూ సముద్రానికీ మధ్య ఉద్దానంలో మా ఊరు. మామయ్య చిన్న వయసులోనే పోతే, పిల్లలు లేని ఆవిడ కొబ్బరితోట, జీడితోట ఒక్కతే చూసుకునేది. మా ఇంట్లో సర్పంచులుగా చేసినవాళ్ళున్నారు, వ్యాపారం చేసినవాళ్ళున్నారు. అందరూ ఎవరో ఒకరిని నమ్ముకుని పైకొచ్చారు, లేదా నమ్మి మునిగారు. ఆవిడ మాత్రం ఎవరినీ నమ్మకుండా బతికింది.

పలాస అని బోర్డున్న బస్సెక్కి, "పలాసేనా?" అని కండక్టరును అడిగేది. ఆయన అవునన్నాక పక్కసీటు మనిషిని మళ్ళీ అడిగేది. కండక్టరు నొచ్చుకుంటే, "నువ్వు జీతానికి సెప్తావు. ఆడు ఊరెల్లడానికి ఎక్కినాడు. ఆడికి తెలుత్తాది," అనేది. ఫోనెత్తితే "ఎవులు?" అనేది. "నేనే అత్తా" అంటే సరిపోయేది కాదు. "నానంటే ఎవులు? మీ అమ్మ పుట్టినూరు సెప్పు," అనేది. చెప్పాకే మాట మొదలయ్యేది.

మా ఉద్దానంలో కిడ్నీల భయం లేని ఇల్లు లేదు. ఆవిడ కూడా రక్తపరీక్షకు వెళ్ళేది. ఒకచోట తన పేరుతో, ఇంకోచోట పక్కింటావిడ పేరుతో రక్తం ఇచ్చి వచ్చేది. రెండు చోట్లా ఒకటే ఫలితం వస్తే, "ఇద్దరూ కూడబలుక్కున్నారేటో," అని కొన్నాళ్ళు వాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచేది. ఎవరైనా ఆవిడ చీర బాగుందంటే చాలు, మెడ కాస్త పక్కకు వంచి, ఒక కన్ను చిన్నది చేసి, "ఏటి గావాల నీకు?" అని అడిగేది. నేను టెక్కలి కోర్టులో మొదటి కేసు గెలిచి మిఠాయి పట్టుకెళ్తే, డబ్బా మూత కూడా తీయకుండా, "ఓడినోడు ఏటి తప్పు సేసినాడు?" అంది.

అలాంటి మనిషి తోటలోని పాకలోకి ఒకావిడ ఇద్దరు పిల్లలతో వచ్చి చేరింది. పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వచ్చిన మనిషి. జీడిపిక్కలు ఏరే కాలంలో తోటకు కాపలా కావాలి కాబట్టి అత్త పాక ఇచ్చింది. ఇచ్చేముందు వాకిట్లో నిలబెట్టి అడిగింది. అప్పుడు నేను అరుగు మీదే కూర్చుని ఉన్నాను.

"ఏ ఊరు?"

"బారువమ్మా."

"బారువలో ఏ ఈది?"

"తెల్దు. అది మా తాత ఊరు. నాను ఆడ పుట్నేదు."

"మరెక్కడ పుట్టినావు?"

"రంగం."

రంగం అంటే రంగూన్. మా వైపు ముసలివాళ్ళకు ఆ మాట ఇంకా తెలుసు. ఒకప్పుడు ఈ తీరం నుంచి ఓడలెక్కి కూలికి పోయిన దేశం బర్మా. పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు, కొందరు అక్కడే ఉండిపోయారు. ఈమె ఉండిపోయినవాళ్ళ మనవరాలు. భర్తను సైనికులు పట్టుకుపోయారట. కొన్నాళ్ళు చూసి, అతను ఇక రాడని తెలిశాక, కూతురి చెయ్యి పట్టుకుని, కొడుకుని చంకనేసుకుని, కొండలు దాటి మన దేశంలోకి వచ్చింది. ఆ తర్వాత రైళ్ళు మారుతూ పలాసలో దిగింది. చేతిలో ఒక్క కాగితం లేదు. తెలిసింది రెండే మాటలు, బారువ అనే ఊరి పేరు, తాత ఇంటిపేరు.

ఆ తల్లి తెలుగు మా నాయనమ్మ తెలుగులా ఉండేది. మేము మరిచిపోయిన మాటలన్నీ అందులో ఉండేవి. నేను మురిసిపోయాను. అత్త మురవలేదు.

"బాస నేరిస్తే వత్తాది. మనోలని ఎలగ నమ్మీడం?" అంది.

ఆ వారమంతా చీకటి పడకముందే పాక వెనక జీడిచెట్ల చాటున నిలబడి, తల్లీపిల్లలు తమలో తాము ఏ భాషలో మాట్లాడుకుంటారో వినేది. పిల్లల్ని తెలుగులోనే తిడుతోందని నేను గుర్తుచేస్తే, "మనం ఇంటన్నామని దానికి తెలుసు," అంది.

ఊళ్ళో కూడా అనుమానాలు లేకపోలేదు. బంగ్లాదేశ్ నుంచి వచ్చారన్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్నారు. తీరంలో ఫొటోలు తీసి పంపుతారన్నారు. ఆ తల్లికి ఫోను కూడా లేదు. అయితే ఊరు అనుమానించి ఊరుకునేది. అత్త స్వయంగా వెళ్ళి చూసుకునేది.

కొన్నేళ్ళకు ఆ తల్లి జ్వరంతో పోయింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటోలోనే పోయింది. కూతురు నీలవేణి, కొడుకు రాజు, ఇద్దరూ బడికి వెళ్ళే పిల్లలు. అత్త వాళ్ళని పాకలోంచి ఇంటి వెనక వసారాలోకి మార్చింది. "పెంచుకుంటున్నావా?" అని మా అమ్మ అడిగితే విసుక్కుంది.

"పెంచడమేటి? తోటకి కాపలా గావాల. అంతే."

మొదట్లో వంటగదికి తాళం వేసేది. పిల్లలకు తనే పెట్టేది. మెల్లగా ఆవిడ అనుమానం ఇటు నుంచి అటు తిరగడం నేను గమనించాను. మధ్యాహ్నం బడికి వెళ్ళి, పప్పులో గరిటె పెట్టి తిప్పి చూసేది. "గుడ్డు ఇత్తన్నారా, మింగేత్తన్నారా?" అని వంటావిడను నిలదీసేది. రాజుకు మార్కులు తక్కువొస్తే మాస్టారు సరిగా దిద్దలేదనేది. ఎక్కువొస్తే, "ఎవులిది సూసి రాసినావు?" అని వాణ్ణి పట్టుకునేది. నీలవేణి పలాస కాలేజీకి వెళ్ళేటప్పుడు అదే బస్సులో వెనక సీట్లో కూర్చుని వెళ్ళి, అది కాలేజీ గేటు దాటాక తిరిగొచ్చేది. ఆ పిల్లకు తెలుసు. తెలిసీ వెనక్కి తిరిగి చూసేది కాదు.

వాళ్ళు ఆవిడను మామ్మ అని పిలిచేవారు. ఆవిడ పలికేది కానీ, ఆ పిలుపు గురించి మంచీ చెడూ అనలేదు.

చిక్కు ఇంటర్ అయ్యాక వచ్చింది. నీలవేణికి నర్సింగు చదవాలని ఉంది. ఏ కాలేజీకి వెళ్ళినా మొదట ఆధార్ అడిగారు. రాజు చదువు చాలించి, మూలపేటలో పోర్టు పనులు జరుగుతున్నాయని విని వెళ్ళాడు. గేటు దగ్గర కార్డు అడిగారు. వాడి దగ్గర లేదు. కొత్త మనుషుల మీద నిఘా ఉన్న రోజులు. పోలీసులు తీసుకెళ్ళి స్టేషన్‌లో కూర్చోబెట్టారు. కబురు తెలిసి అత్త వెళ్ళింది. ఎస్సై చెడ్డవాడు కాదు. "ఈసారికి పంపిస్తున్నానమ్మా. ఇంకోసారి పట్టుబడితే కేసు కట్టక తప్పదు. వాణ్ణి దాచారని మీ మీద కూడా కట్టాలి," అని నెమ్మదిగానే చెప్పాడు.

ఇంటికొచ్చాక రాజు అన్నం తినలేదు. నీలవేణి గోడకు ఆనుకుని, "మమ్మల్ని ఆ దేశం పంపేత్తారా?" అని అడిగింది. ఆ దేశంలో దానికి గుర్తున్నది వాళ్ళ నాన్న చొక్కా రంగు ఒక్కటే.

మర్నాడే మా నాన్న పలాస నుంచి ఒక మనిషిని తీసుకొచ్చాడు. కార్డులు ఇప్పించే మధ్యవర్తి. వస్తూనే అత్త కాళ్ళకు దండం పెట్టాడు. దాంతోనే పని చెడింది.

"ఏటి గావాల నీకు?" అంది.

"నాకేటీ వొద్దు పెద్దమ్మా. మీలాటి దరమాత్ములకి సాయం సేత్తే సాలు. ఈ పిల్లలు మీ మనవలని రాయించీత్తాను. పుట్టిన కాయితం కాడ నుండి అన్నీ నాను సూసుకుంతాను. నెల తిరిగేలోగా కార్డులు."

అత్త అతన్ని ఎగాదిగా చూసింది.

"నీ కార్డు సూపించు."

అతను నవ్వుతూ జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ వెలుగులోకి పట్టి, ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇది సర్కారోడిచ్చిందా, నువ్వే సేసుకున్నావా?"

అతని ముఖం మాడిపోయింది. కార్డు లాక్కుని లేచాడు. అతను వెళ్ళాక, అక్కను అప్పా అని పిలిచే మా నాన్నకు ఒళ్ళు మండింది.

"అప్పా, ఊరంతా ఇలగే సేయించుకుంతన్నారు. నీ అనుమానంతో ఈ పిల్లల బతుకు నాశినం సేత్తన్నావు."

నీలవేణి కూడా ఏడ్చింది. "మామ్మా, నాను సదూకోవాల. ఎలగోలగ కార్డు వొత్తే సాలు నాకు," అంది. ఆ పిల్ల ఆవిడకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

అత్త దాని దగ్గరగా వెళ్ళి కూర్చుంది. "దొంగ పేరు ఏసుకుంతే, పెల్లినాడూ బయమే, బిడ్డ పుట్టిననాడూ బయమే. ఇందాక నా కాల్లు అట్టుకున్నోడు, రేపు నీ పీక అట్టుకుంతాడు. ఎప్పుడు అవసరమొత్తే అప్పుడు వత్తాడు. నాకు ఆడి మీద అనుమానం కాదే. ఆడి గురించి నాకు బాగా తెలుసు," అంది.

రెండు రోజుల తర్వాత టెక్కలిలో నా ఆఫీసుకు వచ్చింది. కుర్చీ వేస్తే, ముందు కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో కదిపి చూసుకుని కూర్చుంది.

"సట్టం ఏటంతాదో సెప్పు. తెలీకపోతే తెలీదని సెప్పు."

తెలిసినంత చెప్పాను. కాగితాలు లేకుండా సరిహద్దు దాటినవాళ్ళందరినీ చట్టం ఒకే గాటన కట్టేస్తుంది. కాలినడకన వచ్చిన పెద్దవాడికీ చంకనెక్కి వచ్చిన పిల్లాడికీ తేడా చూడదు. అయినా ఒక దారి ఉంది. వీళ్ళ పూర్వీకులు ఇక్కడివాళ్ళు. ఊహ తెలియని వయసులో వచ్చారు, వాళ్ళ తప్పు లేదు. హైకోర్టుకు వెళ్ళి, వీళ్ళ సంగతి పరిశీలించమని ప్రభుత్వానికి చెప్పించాలి. ముందు ఇక్కడ ఉండటానికి అనుమతి, ఆ తర్వాత శాశ్వతంగా పౌరసత్వం. ఏళ్ళు పడుతుంది.

"అంటే మనమే ఎల్లి, ఇదిగో కాయితాల్నేనోలం ఇక్కడున్నాం అని సెప్పుకోవాలా?"

"అవునత్తా."

"అప్పుడు అట్టుకుపోతే?"

"ఆపడానికి చూస్తాను."

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"సూత్తానన్నావు. ఆపుతానని అన్నేదు. ఆపుతానని అనుంటే లేచెల్లిపోదును," అంది. తర్వాత, "రాసీ," అంది.

వీళ్ళ ముత్తాత బారువవాడేనని ఎవరైనా చెప్పాలని నేనన్నప్పుడు ఒక సంగతి బయటపెట్టింది. ఆ తల్లి పాకలోకి వచ్చిన కొత్తలోనే, ఎండుచేపల వంకతో, తను బారువ వెళ్ళి వచ్చిందట. అబద్ధం పట్టుకోవాలనే వెళ్ళిందట. ఆ ఇంటిపేరుగల ఇంటికి వెళ్ళి, రంగం పోయిన మనిషి గురించి అడిగితే, ఇంటి పెద్దాయన అలాంటివాడు తమ వంశంలో లేడన్నాడట.

"మరింకేం, అబద్ధమని తేలింది కదా?" అన్నాను.

"నేని మనిషి పేరు సెబితే ఎవులైనా ఉలిక్కిపడతారేటి? ఇతను పడినాడు. అప్పటిదాకా మంచినీల్లు కూడా ఇవ్వనోడు, ఆ పేరినాక కాఫీ తెమ్మన్నాడు. ఆ పిల్లల తల్లి కూడా మొదట ఆ ఇంటికే ఎల్లుంటాది. తరిమీసుంటారు."

అన్నేళ్ళుగా ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. ఆ తల్లికి కూడా చెప్పలేదు.

మేం నలుగురం బారువ వెళ్ళాం. అత్త, నేను, నీలవేణి, రాజు. పెద్దాయన తోట మధ్య ఇంటి వసారాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. మంచి ఆస్తిపరుడు, చుట్టూ సముద్రం దాకా కొబ్బరిచెట్లు. నీలవేణిని చూడగానే ఆయన కళ్ళు ఒక్కసారి దాని ముఖం మీద ఆగి, వెంటనే చెట్ల మీదికి వెళ్ళిపోయాయి.

"నాకేటీ తెలీదమ్మా. ఎప్పటి సంగతులో అయి," అన్నాడు.

"తెలీకపోతే బయమెందుకు బావూ?" అంది అత్త. "ఈల్లు బూమిలో వాటా అడుగుతారని కదా నీ బయం? నీ సోటులో నానున్నా అదే అనుకుందును."

ఆయన కాస్త మెత్తబడ్డాడు. తనలాంటి మనిషే ఎదురుగా కూర్చుందని అర్థమైంది.

"అయితే వాటా వొద్దని ముందు రాసిమ్మను. అప్పుడు సూద్దాం."

"ముందు నువ్వు ఆపీసరు కాడ సెప్పు. అప్పుడు రాసిత్తారు."

"సెప్పినాక ఇవ్వకపోతే?"

"ఇచ్చినాక సెప్పకపోతే?"

అలా ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. కాగితం నా దగ్గర ఉంచుతానన్నాను. "నువ్వు ఆవిడ మేనకోడలివి," అన్నాడాయన. ఊరి పెద్దల దగ్గర ఉంచుదామన్నాను. "ఆల్లు ఇతని సుట్టాలు," అంది అత్త. లాయరుగా నాకు ఇంకో బాధ ఉంది. హక్కు వదులుకోవడం అంత తొందరగా చేయాల్సిన పని కాదు. ఆ మాట పిల్లలతో చెబుతూనే ఉన్నాను. ఇంతలో నీలవేణి లేచి పెద్దాయన ముందుకు వెళ్ళింది.

"తాతా, మాకు బూమి వొద్దు. మా అమ్మ సెప్పింది అబద్దం కాదని నువ్వు సెప్తే సాలు. రాసుకోండి, ఇప్పుడే సంతకం ఎడతాను."

అత్త దాని చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది. అది ఆగలేదు. తమ్ముడి వైపు చూసింది, వాడు తలూపాడు. ఇద్దరూ రాసి ఇచ్చేశారు. పెద్దాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వస్తానని గానీ, రానని గానీ అనలేదు.

తిరుగుదారిలో అత్త కోపం చూడాలి. "సేతిలో ఉన్న ఒక్క ఆయుదం ఇచ్చీసినావు కదే! ఆడు ఇంక రాడు. రమ్మన్నా రాడు," అని పలాస దాకా తిడుతూనే ఉంది. నీలవేణి కిటికీలోంచి బయటకు చూస్తూ ఏడ్చింది. దాని తొందర తప్పేమోనని నాకూ అనిపించింది.

కోర్టు చెప్పాక విచారణకు శ్రీకాకుళం నుంచి అధికారి వచ్చాడు. ఊళ్ళో సచివాలయం గదిలో కూర్చున్నాడు. పొద్దున్నుంచి అందరినీ పిలిచి అడిగాడు. చాలామంది "మంచి పిల్లలండి" అన్నారు. ఎలా తెలుసని అడిగితే, "ఊళ్ళో అందరూ అంటారండి" అన్నారు. మా పెదనాన్న కొడుకు రాజకీయాల్లో ఉన్నాడు. ఏ మాట ఎటు తిరుగుతుందోనని, "మాకు పెద్దగా పరిచయం లేదండి," అని తప్పుకున్నాడు. బారువ పెద్దాయన జాడ లేదు. రాజు గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తున్నాడు.

చివరికి అత్తను పిలిచారు. అధికారి మర్యాదగా మాట్లాడాడు.

"మీరు పెంచిన పిల్లలు కాబట్టి మీరు మంచిగానే చెబుతారు కదమ్మా. అందుకే మీ మాటకు ఎంత విలువ ఇవ్వాలో నేను ఆలోచించుకోవాలి."

"నాను పెంచనేదు బావూ. నాను మంచోలని కూడా సెప్పను," అంది అత్త.

నేను ఫైల్లోంచి తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"ఈల్లొచ్చిన కాణ్నుండి నాను నమ్మనేదు. ఆల్ల యమ్మ ఏ బాసలో తిడతాదో సెట్టు సాటున ఉండి ఇన్నాను. ఇది తానం సేసే కాడ నా గొలుసు మరిసిపోయినట్టు ఒగ్గీసి, తడికె సందునుండి సూసినాను. తెచ్చి నా సేతిలో ఎట్టి, జాగర్త మామ్మా అని నన్నే తిట్టింది. కాలేజీ కెల్తే ఎనకాల బస్సెక్కినాను. ఆడు ఎవులితో తిరుగుతున్నాడో సూడమని మనిషిని ఎట్టినాను. ఆ మనిషి సరిగ్గా సెప్తన్నాడో నేదో సూడ్డానికి ఇంకో మనిషిని ఎట్టినాను. ఆల్ల తాత సంగతి అబద్దమని తేల్సడానికి బారువ ఎల్లినాను. తేల్నేదు."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా నాన్న ఉండబట్టలేక లేచాడు. "సార్, సొంత తమ్ముణ్ణి, నాకే బీరువా తాళం ఇవ్వదు సార్," అన్నాడు. బయట నిలబడ్డ బస్సు కండక్టరు కూడా ఏదో అనబోయాడు. అధికారి కూడా నవ్వాడు. తర్వాత కలం పక్కన పెట్టి, ముందుకు వంగి అడిగాడు.

"అయితే ఇప్పుడు నమ్ముతున్నారా?"

ఆవిడ గుమ్మం దగ్గరున్న అక్కాతమ్ముళ్ళిద్దరినీ చూసింది.

"నమ్మడం నాకు సేతకాదు బావూ. అనుమానపడ్డానికే ఇంకేటీ మిగల్నేదు."

అధికారి ఆ మాటను ఉన్నదున్నట్టు రాయించుకున్నాడు. నాకు ఆ పేజీ నకలు తర్వాత చేతికొచ్చింది. అందులో ఆవిడ భాష కూడా మార్చలేదు.

భోజనాల వేళ దాటాక ఒక ఆటో వచ్చి ఆగింది. బారువ పెద్దాయన దిగాడు, తెల్లపంచె, భుజాన తువ్వాలు. లోపలికి వచ్చి, కుర్చీ ఇస్తే కూర్చోకుండా, "రంగం ఎల్లిపోయినోడు మా తాత తమ్ముడు. ఈల్లు ఆడి రగతమే. ఈ పిల్ల మొకం మా అప్ప మొకం," అని చెప్పాడు. "ఈల్ల తల్లి మా గుమ్మంలోకి వత్తే నానే పంపేసినాను," అని కూడా అన్నాడు. అది ఎవరూ అడగలేదు. నీలవేణి వెళ్ళి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

అత్త నా చెవిలో గొణిగింది. "వొచ్చినాడేటి? ఏటి గావాలో ఇతనికి!"

ఆ ఒక్క రోజుతో అయిపోలేదు. ఫైలు జిల్లా నుంచి రాజధానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్ళింది. వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ముందు ఉండటానికి అనుమతి వచ్చింది. దాంతో నీలవేణి శ్రీకాకుళంలో నర్సింగులో చేరింది. అది చదువు ముగించే వేళకు పౌరసత్వం వచ్చింది. కలెక్టరు కార్యాలయంలో ప్రమాణం చదివి, పత్రం తీసుకుని నేరుగా ఊరికొచ్చి మామ్మ ఒళ్ళో పెట్టింది. ఆవిడ చదువుకోలేదు. ముద్ర మీద వేలు రాసి చూసింది. "దీన్ని అట్టుకెల్లి ఇంకో ఆపీసులో సూపించు. నిజమైందో కాదో ఆల్లు సెప్తారు," అంది. నీలవేణి నవ్వలేదు. మర్నాడు నిజంగానే టెక్కలి తీసుకొచ్చింది. ఒక గెజిటెడ్ అధికారికి చూపించి, నిజమైనదేనని ఆయన చేత ఫోనులో మామ్మకు చెప్పించింది. ఆయన్ను కూడా వాళ్ళమ్మ పుట్టినూరు అడిగిందట. రాజుది ఆవిడ పోయాక వచ్చింది. ఇప్పుడు వాడు మూలపేటలోనే పెద్ద క్రేను మీద పని నేర్చుకుంటున్నాడు.

ఆవిడ అంత భయపడ్డ రోగమే చివరికి ఆవిడకు వచ్చింది. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. పలాస ఆసుపత్రిలో డయాలసిస్. అక్కడే నీలవేణికి నర్సు ఉద్యోగం దొరికింది. చుట్టాలందరూ వంతులవారీగా వచ్చి మంచం చుట్టూ కూర్చునేవారు. వరండాలోకి వెళ్ళాక వేరే మాటలు మాట్లాడుకునేవారు. తోట ఎవరికి రాసిందో. ఆ పిల్ల అంత సేవ ఎందుకు చేస్తోందో. ముసలామెకు సూదులు వేసేది ఎవరో ఒకసారి చూసుకోవాలని మా పెదనాన్న కొడుకే అన్నాడు. తలుపు పూర్తిగా వేసి లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ కొత్త పట్టు పట్టింది. నీలవేణి ఏ మందు తెచ్చినా అది వేసేముందు సీసా మీద ఉన్నదంతా పైకి చదవాలి. పేరు, తయారైన నెల, గడువు, ఎంత వేస్తున్నదీ. "గట్టిగా సదువు. అందరికీ ఇనబడాల," అనేది. మిగతా నర్సుల్ని అడిగేది కాదు, ఈ పిల్లనే అడిగేది. చుట్టాలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. "సూసినారా, దీన్ని కూడా నమ్మదు," అని మా పెదనాన్న కొడుకు తృప్తిగా అన్నాడు. నీలవేణి మాత్రం ముఖం చిన్నబుచ్చుకోకుండా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు ప్రతిసారీ మొదటి అక్షరం నుంచి చదివేది. నాకు మనసులో కష్టమనిపించింది. ఇంతకాలం తర్వాత కూడానా అనుకున్నాను.

పోవడానికి కొద్దిరోజుల ముందు ఒక మధ్యాహ్నం, బయట వాన. చుట్టాలెవరూ రాలేదు. నేనొక్కదాన్నే మంచం పక్కన కూర్చున్నాను. నీలవేణి ట్రే పట్టుకుని వచ్చి, సీసా వెలుగులోకి ఎత్తి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. అత్త కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపింది.

"సదవక్కర్నేదు. ఇప్పుడు ఇనడానికి ఎవులూ నేరు కదే. ఏసీయ్," అంది.

గదిలో నేనున్నాను. నేనున్నట్టు ఆవిడకు తెలుసు.